కొలంబో ప్రాసెస్, అబుధాబి డైలాగ్ వల్ల గల్ఫ్ కార్మికుడికి ఒరిగిందేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కార్మికులను పంపే ఆసియా దేశాలు 2003 నుంచి కొలంబో ప్రాసెస్ పేరుతో, 2008 నుంచి గల్ఫ్ దేశాలను కూడా కలుపుకుని అబుధాబి డైలాగ్ పేరుతో సమావేశాలు పెట్టుకుంటూనే ఉన్నాయి. వీటివల్ల గల్ఫ్ లేబర్ క్యాంపులో ఉండే మనిషికి నిజంగా మేలు జరిగిందా? అసలు ఇంతమంది కలవడం ఎందుకు, ఇండియా ఒక్కో గల్ఫ్ దేశంతో విడిగా గట్టి ఒప్పందం చేసుకుంటే సరిపోదా?

ముందు జవాబు చెప్పేస్తాను. విడి ఒప్పందాలు సరిపోవు. అలాగని కలిసి పెట్టుకున్న సమావేశాల వల్ల జరిగిన మేలు కూడా ఎక్కువేమీ కాదు. రెండింటికీ కారణం ఒకటే. కార్మికులను పంపే దేశాలు ఒకదానికొకటి పోటీ. ఒక దేశం జీతం పెంచమంటే పక్క దేశం తక్కువకు పంపుతుంది. ఈ పోటీని విడి ఒప్పందం ఆపలేదు. అందరూ కూర్చునే వేదిక ఆపగలదు, కానీ అక్కడ జీతాల మాట వచ్చేసరికి ఎవరికి వారే యమునా తీరే.

నేను గల్ఫ్‌లో ఆరేళ్ళు, తిరిగొచ్చాక మరో పదకొండేళ్ళు ఈ కేసులే చూస్తున్నాను. ఎగ్గొట్టిన జీతాలు, లాక్కున్న పాస్‌పోర్టులు, ఔట్‌పాస్‌లు (పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం), మృతదేహాలు తెప్పించే కాగితాలు. విధానాలు రాసే మనిషిని కాదు. రాసిన విధానం ఎక్కడ తెగిపోతుందో మాత్రం రోజూ కనిపిస్తుంది. ఆ మేరకే నా మాట తీసుకోండి.

పోటీ అంటే ఏమిటో ముందు చూడండి. ఇళ్ళల్లో పనికి వెళ్ళే తమ మహిళలకు నెలకు కనీసం 400 డాలర్లు ఇవ్వాలని ఫిలిప్పీన్స్ నిబంధన పెట్టింది. సౌదీ లెక్కలో అది 1500 రియాళ్ళు. సౌదీకి అది నచ్చలేదు. గొడవ ముదిరి 2011లో ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల నుంచి ఇంటిపని వాళ్ళకు వీసాలే ఆపేసింది. ఫిలిప్పీన్స్ ఏడాదికి పైగా పట్టుబట్టి 2012లో ఆ జీతానికి ఒప్పించుకుంది. బాగానే గెలిచింది అనుకుంటాం కదా. 2015 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ అదే సౌదీతో, అదే ఇంటిపనికి ఒప్పందం చేసుకుంది. జీతం 800 రియాళ్ళు.

అదే వంటగది, అవే పిల్లల బట్టలు, అవే గంటలు. పాస్‌పోర్టు మారితే జీతం సగం. బంగ్లాదేశ్‌ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అంతకు ముందు కొన్నేళ్ళు వాళ్ళ కార్మికులకు సౌదీ తలుపులు దాదాపు మూసుకునే ఉన్నాయి. తెరిచినప్పుడు దొరికిన రేటుకు ఒప్పుకున్నారు. వాళ్ళ స్థానంలో ఎవరున్నా బహుశా అదే చేసేవారు.

మనమూ తక్కువ తినలేదు. ఈసీఆర్ పాస్‌పోర్టు (తక్కువ చదువుకున్నవాళ్ళకు ఇచ్చేది) మీద గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి, ఇచ్చేటప్పుడు ఒప్పందంలో కనీసం ఇంత జీతం ఉండాలని మన ప్రభుత్వం ఒక రేటు పెడుతుంది. దాన్ని మినిమమ్ రెఫరల్ వేజ్ అంటారు. 2020 సెప్టెంబరులో, కోవిడ్ మధ్యలో, కేంద్రం ఆ రేటును ఒమన్, ఖతార్, బహ్రెయిన్, ఎమిరేట్స్‌లకు 200 డాలర్లకు, కువైట్‌కు 245కు, సౌదీకి 324కు దించింది. కొన్ని పనుల్లో కోత సగం దాకా ఉంది. చెప్పిన కారణం మన వాళ్ళ ఉద్యోగాలు నిలబెట్టడం. అంటే, మన రేటు ఎక్కువగా ఉంటే కంపెనీలు పక్క దేశాల వాళ్ళను తీసుకుంటాయన్న భయం. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల సంఘాలు హైకోర్టు దాకా వెళ్ళి పోరాడాయి. 2021 జూలైలో పాత రేట్లు తిరిగి వచ్చాయి.

ఆ మధ్య పది నెలల్లో నా దగ్గరికి వచ్చిన ఒక మేస్త్రీ సంగతి చెప్పాలి. ఒకే కంపెనీలో తొమ్మిదేళ్ళు చేశాడు. లాక్‌డౌన్‌లో ఇంటికి పంపేసి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. కొత్త ఒప్పందం, తక్కువ జీతం. "మీ గవర్నమెంటే ఒప్పుకుంది కదా" అన్నాడట క్యాంప్ బాస్. ఆ మాటకు అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. జీతం ఒక్కటే పోలేదు. గ్రాట్యుటీని, అంటే పని మానేటప్పుడు వచ్చే మొత్తాన్ని, మూల వేతనం మీదే లెక్క కడతారు కాబట్టి, ముందు ముందు వచ్చేది కూడా తగ్గిపోయింది.

విడి ఒప్పందాల బలహీనత ఇదే. ఇండియాకు ఆరు గల్ఫ్ దేశాలతోనూ కార్మికుల మీద ఏదో ఒక ఒప్పందం ఉంది. ఖతార్‌తో 1985లోనే మొదలైంది. ఎమిరేట్స్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లతో 2006 నుంచి 2009 మధ్యలో. సౌదీతో 2014లో, అదీ మొదట ఇంటిపని వాళ్ళ కోసం. వీటిలో చాలావరకు అవగాహనా పత్రాలే. ఉమ్మడి కమిటీ కూర్చుని మాట్లాడుతుంది, అంతవరకే. అక్కడి లేబర్ కోర్టులో ఆ పత్రం చూపించి జీతం అడగలేం. రెఫరల్ వేజ్ కూడా అంతే. మన దగ్గర క్లియరెన్స్ స్టాంపు పడేదాకానే దానికి విలువ. విమానం దిగాక మరో కాగితం మీద సంతకం పెట్టిస్తే, కోర్టు ఆ రెండో కాగితమే చూస్తుంది.

ఇక కలిసి పెట్టుకున్న వేదికల సంగతి. కొలంబో ప్రాసెస్ పది దేశాలతో మొదలై ఇప్పుడు పన్నెండు అయింది. అఫ్గానిస్థాన్, బంగ్లాదేశ్, కంబోడియా, చైనా, ఇండియా, ఇండోనేషియా, నేపాల్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, శ్రీలంక, థాయ్‌లాండ్, వియత్నాం. అందరూ పంపేవాళ్ళే. అబుధాబి డైలాగ్‌లో వీళ్ళలో చాలామందితో పాటు ఆరు గల్ఫ్ దేశాలు, మలేషియా కూర్చుంటాయి. రెండూ సంప్రదింపుల వేదికలు. తీర్మానాలు ఎవరినీ కట్టడి చేయవు. నైపుణ్యాల గుర్తింపు, నిజాయితీగా రిక్రూట్‌మెంట్, వెళ్ళే ముందు శిక్షణ, డబ్బు పంపే ఖర్చు తగ్గించడం, ఇవీ అక్కడ నడిచే అంశాలు. మంచివే. కానీ జాబితా చూడండి, ఎవరికీ ఇబ్బంది లేని అంశాలు. ఒకే పనికి అందరూ ఒకే కనీస జీతం అడుగుదామన్న నిర్ణయం మాత్రం ఇరవై ఏళ్ళు దాటినా రాలేదు.

మరి బొత్తిగా దండగా అంటే, కాదు. అధికారులకు ఒకరితో ఒకరికి పరిచయం ఏర్పడటం చిన్న విషయం కాదు. నేను అక్కడ ఉన్నప్పుడు ఒక కాంట్రాక్టు కంపెనీ చేతులెత్తేసింది. యజమాని దేశం వదిలి పోయాడు. క్యాంపులో మూడు దేశాల వాళ్ళున్నారు. నాలుగు నెలల జీతం లేదు, జనరేటర్‌లో డీజిల్ లేదు, అకామాలు (నివాస అనుమతి కార్డులు) గడువు దాటుతున్నాయి. అలాంటప్పుడు సాధారణంగా ఒక్కో ఎంబసీ తన వాళ్ళ జాబితా తాను పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్తుంది. ఏ దేశం గట్టిగా అడిగితే ఆ దేశం వాళ్ళకు ముందు ఎగ్జిట్ (దేశం విడిచే అనుమతి), మిగతా వాళ్ళను ఎవరూ పట్టించుకోరు, ఖల్లివల్లి. ఆసారి మూడు ఎంబసీల లేబర్ అటాషేలు (కార్మికుల వ్యవహారాలు చూసే అధికారులు) కలిసి ఒకే జాబితా ఇచ్చారు. వాళ్ళు ఏదో అంతర్జాతీయ సమావేశంలో పక్కపక్కన కూర్చుని స్నేహితులయ్యారని తర్వాత తెలిసింది. కంపెనీ బ్యాంకు గ్యారంటీ నుంచి అందరికీ రెండు నెలల జీతం, టికెట్ వచ్చాయి. పూర్తి న్యాయం కాదు. కానీ ఒక దేశం వాళ్ళను ఆపి ఇంకో దేశం వాళ్ళను పంపడం జరగలేదు.

వేతనాలు బ్యాంకు ద్వారానే వేయాలన్న విధానం పాకడంలో కూడా ఇలాంటి రాకపోకల పాత్ర ఉందనుకుంటాను. ఎమిరేట్స్ 2009లో మొదలుపెట్టింది, సౌదీ 2013లో, ఖతార్ 2015లో. ఒక దేశంలో నడిచిందని చూశాక పక్క దేశం కాపీ కొట్టడం తేలిక. దీనివల్ల మా పని చాలా మారింది. ఇదివరకు "నాకు జీతం ఇవ్వలేదు" అని కార్మికుడే నిరూపించుకోవాలి. ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ చెబుతుంది. జీతం వేసిన రోజే కార్డు లాక్కుని సగం వెనక్కి తీసుకునే ఫోర్‌మెన్లూ ఉన్నారు, అది వేరే కథ.

కలిసి చేయాల్సిన పనుల్లో జీతం తర్వాత నాకు ముఖ్యంగా తోచేది చెడ్డ యజమానుల జాబితా. విదేశీ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ కోసం మన ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఫిర్యాదులున్న విదేశీ యజమానులను ప్రయర్ అప్రూవల్ కేటగిరీ అనే జాబితాలో పెడతారు. మన మనిషిని తీసుకోవాలంటే ముందు ప్రత్యేక అనుమతి కావాలి. చూడ్డానికి బాగుంది. ఒక క్లీనింగ్ కంపెనీ మీద మేమే వరుసగా ఫిర్యాదులు పంపి ఆ జాబితాలో పెట్టించాం. ఏడాది తర్వాత తెలిసిన వాళ్ళు ఆ క్యాంపుకు వెళ్తే బెడ్లన్నీ నిండి ఉన్నాయి. మన వాళ్ళు ఒక్కరూ లేరు, అందరూ వేరే దేశం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు. అదే సూపర్‌వైజర్, అవే కోతలు. మనం బాధను అక్కడి నుంచి తీయలేదు, వేరేవాళ్ళ నెత్తికి మార్చాం. ఈ జాబితాలు పన్నెండు దేశాలు పంచుకోవడానికి పెద్ద సంతకాలేమీ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్ చాలు. అయినా జరగదు, ఎందుకంటే నువ్వు వదిలేసిన యజమాని నాకు ఖాళీగా దొరికిన డిమాండ్ లెటర్ (ఇంతమంది కార్మికులు కావాలని యజమాని ఇచ్చే కాగితం).

నిషేధాల విషయం కూడా ఇలాంటిదే. నేపాల్ 2017లో ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్ళడాన్ని నిషేధించింది. మహిళలు ఆగలేదు. సరిహద్దు తెరిచే ఉంది కాబట్టి ఇండియాలోకి వచ్చి ఢిల్లీ నుంచి విమానం ఎక్కారు. అలా వెళ్ళినవాళ్ళ పేరు నేపాల్ రికార్డులో ఉండదు, మన రికార్డులోనూ ఉండదు. ఏదైనా జరిగితే ఎవరిని అడగాలో వాళ్ళకే తెలియదు. మన దగ్గర ఈసీఆర్ పాస్‌పోర్టున్న మహిళలకు 30 ఏళ్ళు నిండాలన్న నిబంధన ఉంది, 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలన్న నిబంధన కూడా ఉంది. ఉద్దేశం రక్షణే. కానీ ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి, అక్కడికి వెళ్ళాక ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసాకు మార్పిస్తున్నారు. క్లియరెన్స్ లేదు, బీమా లేదు, ఒప్పందం కాగితం లేదు. నేను చూసిన మహిళల కేసుల్లో ఎక్కువ భాగం ఈ దారిన వెళ్ళినవాళ్ళవే.

మీరు అడగలేదు కానీ, అందరికీ ఒకే కనీస జీతం అన్నది నిజంగా జరిగిన చోటు ఒకటి ఉంది. ఖతార్. 2021 మార్చి నుంచి అక్కడ ఏ దేశస్థుడైనా, ఇంటిపని వాళ్ళతో సహా, నెలకు కనీసం 1000 రియాళ్ళు మూల వేతనం. తిండి, గది యజమాని ఇవ్వకపోతే వాటికి 300, 500 అదనం. అంతకు ముందే 2020లో ఉద్యోగం మారడానికి పాత కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తేవాలన్న నిబంధన తీసేశారు. ఇది ఎలా వచ్చింది? పంపే దేశాల ప్రభుత్వాలు అడిగితే రాలేదు. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు పెట్టారు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దగ్గర పడుతోంది, ప్రపంచం చూస్తోంది. చివరికి 2017 నవంబరులో సంస్కరణలకు ఒప్పుకున్నాక ఆ ఫిర్యాదు మూసేశారు. అంటే ఒత్తిడి కార్మిక సంఘాల నుంచి వచ్చింది.

దీనికీ ఒక చిక్కుంది. చట్టంలో వెయ్యి అని రాశాక, అంతకు ముందు పదమూడు వందలకు తీసుకునే పనికి కూడా "చట్టం వెయ్యే కదా" అనే మేనేజర్లు తయారయ్యారు. అయినా నేను ఖతార్ పద్ధతికే ఓటేస్తాను. కార్మికులను తీసుకునే దేశం చట్టంలోనే కనీస జీతం ఉంటే, పంపే దేశాలు ఒకదాని కింద ఒకటి దూరడానికి ఒక హద్దు ఏర్పడుతుంది. పంపే దేశాల వేదికకు ఏదైనా ఒక్క పని అప్పజెప్పమంటే, మిగతా ఐదు గల్ఫ్ దేశాలనూ ఇదే అడగమంటాను.

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ గురించి ఒక మాట. పంపే ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, తీసుకునే మలేషియా, సింగపూర్ ఒకే కూటమిలో ఉన్నాయి కాబట్టి అక్కడైనా గట్టిగా ఏదో వస్తుందని చాలామంది ఆశించారు. 2007లో ఫిలిప్పీన్స్‌లోని సెబూలో వలస కార్మికుల హక్కుల మీద ప్రకటన చేశారు. దాన్ని అమలు చేసే పత్రం కోసం పదేళ్ళు చర్చించి 2017లో మనీలాలో సంతకం పెట్టారు. అదీ కట్టడి చేసే ఒప్పందం కాదు. పేచీ రెండు చోట్ల వచ్చింది. చట్టబద్ధంగా కట్టుబడాలా వద్దా, కాగితాలు లేని కార్మికులకు హక్కులు ఉండాలా వద్దా.

"యూరప్‌లో అయింది కదా" అని మీరు అనొచ్చు. అయింది. ఒక దేశంలో కట్టిన పింఛను ఏళ్ళు ఇంకో దేశంలో కలుస్తాయి. దక్షిణ అమెరికాలో మెర్కోసూర్ అనే వాణిజ్య కూటమి దేశాలు 2002లో చేసుకున్న నివాస ఒప్పందం ప్రకారం, పొరుగు దేశం పౌరుడికి రెండేళ్ళ నివాస అనుమతి, స్థానిక కార్మికుడితో సమానంగా పని హక్కులు ఉంటాయి. కానీ అక్కడ ప్రతి దేశం కొంత పంపుతుంది, కొంత తీసుకుంటుంది. నీ వాళ్ళను నేను సరిగ్గా చూడకపోతే రేపు నా వాళ్ళు నీ దగ్గర ఇబ్బంది పడతారు. ఆసియా, గల్ఫ్ మధ్య ఆ లంకె లేదు. ఒక వైపు ఎప్పుడూ పంపేవాళ్ళు, రెండో వైపు ఎప్పుడూ తీసుకునేవాళ్ళు. అందుకే ఆ నమూనా తెచ్చి ఇక్కడ అతికించలేం. వలస కార్మికుల హక్కుల మీద 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కథ కూడా ఇదే. శ్రీలంక, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, ఇండోనేషియా చేరాయి. గల్ఫ్ దేశం ఒక్కటీ చేరలేదు. ఇండియా కూడా చేరలేదు, కాబట్టి మనం వేలెత్తి చూపడానికీ లేదు.

చివరిగా, ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. కార్మికుడు ఇంటికి వచ్చేశాక అతని కేసు బతికి ఉంటుందా? 2020లో లక్షల మంది గబగబా తిరిగొచ్చారు. చాలామందికి ఆఖరి జీతాలు రాలేదు, గ్రాట్యుటీ రాలేదు. ఎయిర్‌పోర్టుకు బస్సు ఎక్కించే ముందు అరబ్బీ కాగితం మీద సంతకం తీసుకున్నారు. అందులో "నాకు రావాల్సిందంతా ముట్టింది" అని ఉంటుంది. లేబర్ కేసు వేయడానికి చాలా గల్ఫ్ దేశాల్లో గడువు ఏడాదే ఉండేది. ఎమిరేట్స్ 2024లో దాన్ని రెండేళ్ళు చేసింది.

ఇక్కడి నుంచి కేసు వేయాలంటే అక్కడి మనిషికో లాయరుకో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ, ఆ దేశం ఎంబసీ, అక్కడికి వెళ్ళాక ఆ దేశ విదేశాంగ శాఖ, అరబ్బీ అనువాదం. ఒక్కో మెట్టుకు ఫీజు. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కానీ ఎంబసీ కంపెనీకి లెటర్ రాయగలదు, ఫోన్ చేయగలదు. కార్మికుడి తరఫున తానే కోర్టులో నిలబడదు.

పదకొండేళ్ళు వంట చేసిన ఒక పెద్దాయన కేసులో మేము ఈ కాగితాలన్నీ పూర్తి చేసేసరికి గడువుకు పందొమ్మిది రోజులు దాటింది. పవర్ ఆఫ్ అటార్నీ సరిగ్గా ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి, రావాల్సిన మొత్తం ఎంతో కంపెనీ అకౌంటెంట్ వాట్సాప్‌లో ఒప్పుకున్న మెసేజ్ కూడా ఉంది. తేదీ ఒక్కటే లేదు.

2024 మే నుంచి రెండేళ్ళకు కొలంబో ప్రాసెస్ అధ్యక్ష బాధ్యత మొదటిసారి ఇండియాకు వచ్చింది. దానితో ఏం చేయాలని నన్ను అడిగితే శిక్షణ, నైపుణ్యాల గురించి మాట్లాడను, అవి ఎలాగూ నడుస్తాయి. యజమానుల జాబితా పంచుకోండి అంటాను. ఒకే పనికి ఒకే కనీస జీతం రాసుకుని, దాంతోనే అబుధాబి డైలాగ్‌కు వెళ్ళండి అంటాను. ఇక మూడోది, ఇంటికి వచ్చేసిన కార్మికుడు తన దేశంలో ఉన్న ఆ గల్ఫ్ దేశం ఎంబసీలోనే ఫిర్యాదు నమోదు చేస్తే, ఆ రోజునే గల్ఫ్ కోర్టులో కేసు వేసినట్టు లెక్క కట్టాలి. వాంగ్మూలం వీడియోలో తీసుకోవచ్చు, కోవిడ్ కాలంలో కోర్టులు ఆ పని నేర్చుకున్నాయి కూడా. డబ్బు ఖర్చయ్యే సంస్కరణ కాదు ఇది. ఆ వంటాయన ఫైలు ఇంకా నా బీరువాలోనే ఉంది. వాళ్ళబ్బాయి ఇప్పుడు అదే ఊళ్ళో, వేరే కంపెనీలో డ్రైవరు. వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చి, అరబ్బీలో ఏ కాగితం ఇచ్చినా ముందు ఫోటో తీసి పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. ఇప్పటికి రెండు పంపాడు.